కేతిగాడు, ఎమిలీ, మా అహోబిలం

శివరాత్రికి శ్రీశైలం కొండెక్కిన జనం జాగారం ఎట్లా చేసేవాళ్ళో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో విప్పి చెప్పాడు. పర్వత ప్రకరణంలో పాటలవాళ్ళు, ఆటలవాళ్ళు, వేషాలవాళ్ళు గుంపులు గుంపులుగా వస్తారు. ఆ గుంపుల్లో తెర కట్టి బొమ్మలాడించేవాళ్ళూ ఉన్నారు. పదమూడో శతాబ్దపు మాట ఇది. తెలుగునాట తోలుబొమ్మలాట ఎంత పాతదని వెతికే పండితులు ఈ ద్విపద కావ్యం దగ్గరికి రాక తప్పదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు శ్రీశైలం మా జిల్లాలోకి వచ్చింది. గుడ్డ మీద వెలుతురుతో బొమ్మను ఆడించే విద్యకు మన భాషలో దొరికే పాత సాక్ష్యాల్లో ఒకటి మా జిల్లా కొండ మీదిదన్న మాట. నంద్యాల బజారులో పదిమందిని ఆపి అడిగితే ఒక్కరికైనా తెలుస్తుందో లేదో. అందరికీ తెలియాలని నా కోరిక.

నాది ఆళ్ళగడ్డ. దేవుళ్ళ విగ్రహాలు, ధ్వజస్తంభాలు, ఈ మధ్య నాయకుల విగ్రహాలు చెక్కి దూర దేశాలకు కూడా పంపే ఊరు. తెల్లవారితే ఉలి చప్పుడు, పొద్దుగూకితే రాతి దుమ్ము. మా నాయన శిల్పి. నేను ఉలి వదిలి పెన్సిలు పట్టాను. నంద్యాలలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. రాయి కదలదు. కదలని రాతిలో కదలిక కనబడేట్టు చేయడం మా ఇంటి పని. అందువల్లనేమో నిజంగా కదిలే బొమ్మ ఎక్కడ కనబడినా నేను నిలబడిపోతాను.

నన్ను అట్లా నిలబెట్టిన బొమ్మల్లో ఒకటి అమెరికాది. డాన్ హెర్జ్‌ఫెల్ట్ అనే ఆయన 2015లో తీసిన ‘వరల్డ్ ఆఫ్ టుమారో’. యానిమేషన్, సైన్స్ ఫిక్షన్, నిడివి 17 నిమిషాలు. అందులో మనుషులంతా గీతల మనుషులు. తలకు ఒక సున్నా, కళ్ళకు రెండు చుక్కలు, కాళ్ళకూ చేతులకూ నాలుగు గీతలు. ఎమిలీ అనే చిన్నపాపకు ఒక ఫోను వస్తుంది. అవతలినుంచి మాట్లాడేది 227 ఏళ్ళ తర్వాతి కాలపు మనిషి, ఎమిలీకే మూడో తరం క్లోను. ఆమె పాపను తన కాలానికి తీసుకుపోయి అంతా తిప్పి చూపిస్తుంది. ఆ కాలంలో ముసలివాళ్ళ మనసులను చిన్న పెట్టెల్లోకి ఎక్కించి దాచుకుంటారు. మెదడు లేకుండా పెంచిన ఒక మనిషిని గాజు గొట్టంలో పెట్టి, పసివాడుగా ఉన్నప్పటి నుంచి ముసలివాడయ్యేదాకా జనం వచ్చి చూసిపోతుంటారు. చంద్రుడి మీద పనిచేసే రోబోలు ఎండతో నడుస్తాయి. చీకటి తగిలితే ఆగిపోతామన్న చావుభయం వాటికి నేర్పి ఉంటుంది కాబట్టి వెలుగు వెంట నడుస్తూనే ఉంటాయి. తర్వాత వాటిని పట్టించుకునేవాళ్ళు లేక దిగులుతో కవిత్వం రాస్తాయి. చివరికి భూమిని ఉల్క ఢీకొట్టబోతోంది. అంతా పోయేలోగా ఈ పాప దగ్గరున్న ఒకే ఒక్క జ్ఞాపకాన్ని తీసుకుపోవడానికి క్లోను వచ్చింది. అమ్మతో కలిసి నడిచిన జ్ఞాపకం అది.

ఎమిలీ గొంతు డైరెక్టరు బంధువుల పిల్లది. పేరు వినోనా మే, అప్పటికి నాలుగేళ్ళు. నాలుగేళ్ళ పిల్లకు స్క్రిప్టు ఇచ్చి చదివించలేం. ఆమె బొమ్మలు గీసుకుంటూ, ఆడుకుంటూ తన ధోరణిలో తాను మాట్లాడిన మాటలు రికార్డు చేసుకుని, ఆ మాటల చుట్టూ ఆయన కథ అల్లాడు. గొంతు ముందు, కథ తర్వాత. ఆ సినిమాకు సన్‌డాన్స్ ఉత్సవంలో లఘుచిత్రాల పెద్ద బహుమతి వచ్చింది, ఆస్కారుకు నామినేషనూ దక్కింది. 2017లో, 2020లో కొనసాగింపులు వచ్చాయి. పదేళ్ళు దాటాక కూడా ప్రపంచంలో ఏదో ఒక మూల ఎవరో ఒకరు దాన్ని మొదటిసారి చూసి ఇంకొకరికి చూపిస్తూనే ఉన్నారు.

అది ఎందుకు నిలిచిందని అడిగితే చాలామంది క్లోనింగు గురించి, జ్ఞాపకాల గురించి, చావు గురించి చెబుతారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ అవి వంద సినిమాల్లో ఉన్నాయి. నాకు కనబడేది వేరు. లోకం ముగిసిపోతోందని పెద్దామె గంభీరంగా, ముక్తసరిగా చెబుతూ ఉంటుంది. పక్కన పాప తాను మధ్యాహ్నం అన్నం తిన్న సంగతి చెబుతుంది. కిటికీలో ఏదో కదిలితే దాన్ని చూసి సంతోషపడుతుంది. ఆ మాటకూ ఈ మాటకూ పొత్తు కుదరదు. సినిమా ప్రాణం ఆ కుదరకపోవడంలో ఉంది. మొదటిసారి చూసినప్పుడే ఈ ఏర్పాటు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందే అనిపించింది. మా సీమలో రాత్రంతా సాగే తోలుబొమ్మలాటలో ఎమిలీ చేసే పని చేసేవాడు ఒకడున్నాడు. వాడు కేతిగాడు.

కేతిగాడి దగ్గరికి పోయే ముందు వాడు ఆడే తెర ఎట్లాంటిదో చెప్పాలి.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు పారే పలుచని పొర వస్తుంది. పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు, రాక్షసులకు దున్నతోలు వాడేవారంటారు. ఆ పొర మీద నల్లగీతతో బొమ్మ గీసి, చిన్న ఉలులతో బెజ్జాలు కొడతారు. కిరీటంలో రత్నాలకు, మెడలో ముత్యాలకు రంగు వేయరు. అక్కడ బెజ్జం ఉంటుంది. వెనక దీపం వెలిగితే ఆ బెజ్జంలోంచి దూసుకొచ్చే తెల్లటి వెలుగే రత్నమవుతుంది. శిల్పి ఇంట పుట్టినవాణ్ణి గనుక ఈ ఉపాయం ముందు నేను ఇప్పటికీ తల వంచుతాను. మా నాయన అమ్మవారి మెడలో హారం చెక్కినప్పుడు రాతికి ఏమీ తగిలించలేదు, హారం కాని రాతిని తీసేశాడు. తోలు పనివాడూ అంతే, తీసేసి నగ చేస్తాడు.

ఆంధ్ర బొమ్మలు పెద్దవి. నాలుగైదు అడుగుల బొమ్మ మామూలు, ఆరడుగులవీ ఉంటాయి. నిలువునా మధ్యలో ఒక కర్ర, చేతులకు సన్నపుల్లలు. భుజం, మోచెయ్యి, మణికట్టు విడివిడిగా కత్తిరించి దారంతో ముడివేస్తారు. నాట్యకత్తె బొమ్మకైతే మెడా నడుమూ కూడా ఆడతాయి. తెరకు తెల్ల పంచెలు చాపి ఈతముళ్ళతో గుచ్చుతారు. వెలుతురుకు పూర్వం ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఆ తర్వాత కరెంటు బల్బు. దీపపు మంట గాలికి ఊగితే నిలబడ్డ బొమ్మ కూడా సన్నగా కదిలేది. బల్బు వచ్చాక ఆ కదలిక పోయింది. ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం, ఎంత స్పష్టత వచ్చినా సరే.

బొమ్మను తెరకు ఆనిస్తే రంగులతో స్పష్టంగా కనబడుతుంది. వెనక్కి, దీపం వైపు లాగితే పెద్దదై మసకబారుతుంది. దేవుడు ప్రత్యక్షం కావాలన్నా, రాక్షసుడు మాయం కావాలన్నా ఆ కొద్ది దూరం చాలు. హనుమంతుడికి చిన్నదీ పెద్దదీ వేరు వేరు బొమ్మలుంటాయి, అవసరాన్ని బట్టి చేతులు మారతాయి. యుద్ధం వస్తే బొమ్మలు గాలిలో గిరగిర తిరిగి ఢీకొంటాయి, తెర వెనక చెక్కల మీద కాళ్ళు టకటకా తొక్కుతాయి.

ఇదే పనిని కెమెరా కింద పెట్టిన మనిషి జర్మనీలో లోటె రైనిగర్. అట్టనూ సీసపు రేకునూ కత్తెరతో కత్తిరించి, కీళ్ళు కట్టి, అడుగు నుంచి వెలుతురు పారించి, పైనుంచి ఒక్కొక్క ఫ్రేమే ఫొటో తీస్తూ ప్రిన్స్ అహ్మద్ సాహసాల కథను 1926లో పూర్తిచేసింది. ఇప్పటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే అన్నిటికంటే పాతది. మూడేళ్ళ పని అది. మా బొమ్మలాట మేళం ఆ పనిని తెరచాటున నిలబడి, పాడుతూ, తొక్కుతూ, రెండు చేతులతో అప్పటికప్పుడు చేస్తుంది. తప్పు జరిగితే చెరిపి గీసే అవకాశం లేదు.

ఆట రాత్రి భోజనాల వేళ దాటాక మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. శివరాత్రికి జాగారం కోసం ఆడించేవారు. కె.సి. కాలువ నీళ్ళు అందని మెట్ట ఊళ్ళలో వానలు పడకపోతే విరాటపర్వం పెట్టించేవారు. రామాయణమైతే గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం నుంచి ద్విపదలు. హార్మోనియం, మృదంగం, తాళాలు. ఒక్కో ద్విపదను సాగదీసి పాడుతుంటే బొమ్మ చెయ్యి ఆ సాగుడుకు తగ్గట్టే లేస్తుంది. ఇక్కడ కూడా గొంతు ముందు, బొమ్మ తర్వాత.

ఇంతటి రాగాల మధ్యకు, ఇంతటి దుఃఖాల మధ్యకు కేతిగాడు దూకుతాడు. వెంట జుట్టుపోలిగాడు, బంగారక్క. వీళ్ళకు కిరీటాలు లేవు, నగల బెజ్జాలు లేవు. వీళ్ళ మాటలకు తాటాకు లేదు, అచ్చు పుస్తకం లేదు. ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరి సంగతులు మాట్లాడతారు. ఎవరింట్లో మేళానికి కడుపునిండా సంగటి పెట్టారో, ఎవరు చెయ్యి ముడుచుకున్నారో, మిరపకాయల ధర ఎంత పడిపోయిందో, ఎవరి బావి ఎండిపోయిందో. బూతులూ తక్కువ కాదు. రాముడి కాలం, మన కాలం ఒకే తెర మీద నిలబడతాయి. ఒక కాలపు మనిషి ఇంకో కాలంలోకి వచ్చి తన గోడు తాను చెప్పుకునే ఈ తంతును ఇంగ్లీషు సినిమాలో చూస్తే కాలప్రయాణమంటాం. మా ఊళ్ళో దానికి కేతిగాడి వేళాకోళమని పేరు పెట్టి సరిపెట్టుకున్నాం.

చిన్నప్పుడు మా జేజి పక్కన కూర్చుని చూసిన ఒక ఆట నాకు బాగా గుర్తుంది. లక్ష్మణుడు మూర్ఛపోయాడు. రాముడు తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. హార్మోనియం కూడా ఏడుస్తోంది. ఉన్నట్టుండి కేతిగాడు వచ్చి, “బంగారక్కా, సంగటి మిగిలిందా? ఊరిబిండి ఏమన్నా ఉందా?” అన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మా జేజి నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

“ఏమి జేజీ, నవ్వుతా ఏడుస్తాండావు?” అని అడిగాను.

“ఆడ అన్నదమ్ముల పాణాల మీదికొచ్చింది. ఈడ వీనికి సంగటి కావాల. మనమూ అంతే గదా నాయనా,” అంది.

ఆమె చదువుకోలేదు, సినిమాలూ పెద్దగా చూడలేదు. నేను ఇప్పటిదాకా చదివిన విమర్శల్లో ‘వరల్డ్ ఆఫ్ టుమారో’కు అంత దగ్గరగా వచ్చిన మాట నాకు దొరకలేదు. కేతిగాడు లేకపోతే లక్ష్మణ మూర్ఛ ఎప్పుడో జరిగిపోయిన దేవుళ్ళ వ్యవహారం. కేతిగాడు ఆకలి అన్నాక అది మన నట్టింట్లో జరుగుతున్న చావు. ఎమిలీ లేకపోతే ఉల్క, క్లోను, చంద్రుడి మీద రోబోలు ఎవరో తెలివైనవాడు ఊహించిన బొమ్మలు. ఆ పాప అన్నం తిన్నానన్నాక ఆ ఉల్క మనింటి మీదే పడబోతోందని గుండె పట్టేస్తుంది. 1980ల్లో జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ అనే అమెరికన్ పరిశోధకుడు మన తోలుబొమ్మలాట మీద పనిచేసి, ఈ హాస్యగాళ్ళ మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఆటకు నిజమైన పట్టు వీళ్ళ చేతిలోనే ఉందన్న సూచన ఆ వ్యాసం పేరులోనే ఉంది. మనవాళ్ళు రాముడి బొమ్మను మ్యూజియంలో వేలాడదీశారు, మంచి పని. కేతిగాడి నోటిమాటలను ఊరూరా తిరిగి రికార్డు చేసి ఉంటే ఇంకా మంచి పని అయి ఉండేది.

ఈ ఆటను సీమలో మోసినవాళ్ళు ఎక్కువగా ఆరె మరాఠీలు. ఇంట్లో మరాఠీ యాస, తెర మీద చక్కటి తెలుగు ద్విపద. ఇంటి భాష ఒకటి, బతుకు భాష ఒకటి పెట్టుకుని ఇన్ని తరాలు మన రామాయణాన్ని మనకే పాడి వినిపించిన వాళ్ళకు మనం చాలా బాకీ ఉన్నాం. ఆ వంశాల్లో వనారస వాళ్ళు ఒక అడుగు ముందుకు వేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలను పక్కనబెట్టి మనుషులతోనే కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు సమాజం అట్లా మొదలై, ఆ ఊరి పేరుతోనే సురభి నాటక సమాజంగా తెలుగునాడంతా తిరిగింది. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు, ఆ రోజుల్లో అది చిన్న తెగింపు కాదు. వాళ్ళ రంగస్థలం మీద తాళ్ళతో, కప్పీలతో మనుషులు గాలిలో తేలేవారు. బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలేవి. నారదుడు మబ్బు మీద దిగేవాడు. తోలుబొమ్మ చేయగలిగిందంతా నిజమైన మనిషితో చేయించాలన్న పంతం అందులో నాకు కనబడుతుంది.

అక్కడి నుంచి దారి నేరుగా మా ఆళ్ళగడ్డకు వస్తుంది, అహోబిలం మీదుగా.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారం. అందులో లీలావతి వేసింది సురభి కమలాబాయి. బొమ్మలాడించిన వంశాల రంగస్థలం నుంచి వచ్చిన గొంతు తెలుగు వెండితెర మొదటి గొంతుల్లో ఒకటైంది. కథ ఎక్కడిది? హిరణ్యకశిపుణ్ణి నరసింహుడు చీల్చింది మా అహోబిలంలోనే అని మా నమ్మకం. ఆళ్ళగడ్డ నుంచి 30 కిలోమీటర్ల లోపే, నల్లమలలో. ఎగువ అహోబిలం పైన నిటారుగా చీలి నిలబడ్డ బండను చూపించి, స్వామి వెలువడిన ఉక్కుస్తంభం అదేనంటారు. కనుమ పండుగనాడు స్వామి పారువేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి భక్తులను తానే పిలుచుకుంటాడని పెద్దలు చెబుతారు. ఊళ్ళలో పల్లకి దింపే తెలుపులు ఉంటాయి. ఆ తెలుపు దగ్గరికి మా అమ్మ నన్ను ఎత్తుకుని పోయేది.

హిరణ్యకశిపుడి వరాన్ని ఒకసారి కథలు కట్టేవాడి కన్నుతో చూడండి. మనిషి చేతిలో చావడు, మృగం చేతిలో చావడు. పగలు చావడు, రాత్రి చావడు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఒక లోకానికి గట్టి నియమాలు కట్టి, ఆ నియమాల్లో ఒక్కదాన్నీ మీరకుండానే సందు కనిపెట్టి కథను తేల్చడం సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళకు ఇష్టమైన పని. మానవమృగం, సంధ్యవేళ, గడప, తొడ. ఈ నాలుగు జవాబులూ కనిపెట్టినవాడికి ఏ కాలంలోనైనా ఆ విద్యలో పీట వేయాల్సిందే.

అయితే ఆ కథ నిలిచింది కేవలం ఆ తెలివి వల్ల కాదు. అన్ని లోకాలనూ గడగడలాడించిన తండ్రి ముందు ఒక పసివాడు నిలబడి, భయపడాల్సిన చోట భయపడకుండా, పలకరించినంత మామూలుగా జవాబు చెబుతాడు. పోతన భాగవతంలో ఆ ఘట్టం చదివి కదలని తెలుగువాడు లేడు. ప్రహ్లాదుడికీ ఎమిలీకీ తేడా ఉంది. ప్రహ్లాదుడికి అంతా తెలుసు, ఎమిలీకి ఏమీ తెలియదు. కానీ ఇద్దరి గొంతులోనూ పక్కనున్న పెద్దవాళ్ళ భయం అంటుకోలేదు. అందుకే పెద్దవాళ్ళ భయం మనకు కనబడుతుంది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరిపోవడం, మార్కస్ బార్ట్లీ కెమెరా మాయలు అందరికీ తెలిసినవే, వాటి మీద రాసినవాళ్ళు చాలామంది. నేను ఒక్క సంగతి చెప్పి దాటిపోతాను. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి ప్రాంతం, నిర్మాత నాగిరెడ్డిది కడప జిల్లా. మాయల సినిమాను శిఖరానికి ఎక్కించినవాళ్ళు తోలుబొమ్మలాటా సురభీ తిరిగిన నేల మీద పెరిగినవాళ్ళే. మూత తెరిస్తే ఇష్టమైనవాళ్ళు కనబడే ప్రియదర్శిని పెట్టె ఆ సినిమాలో ఉంది. దూరాన ఉన్న మనిషిని తెర మీద చూసి మాట్లాడటం మనకు ఇప్పుడు రోజువారీ వ్యవహారం. ఆ పెట్టెను ఆ సినిమా రచయిత పింగళి నాగేంద్రరావు తరంవాళ్ళు ద్వాపరయుగంలో పెట్టుకున్నారు. హెర్జ్‌ఫెల్ట్ తన ఫోనును 227 ఏళ్ళ ముందుకు పెట్టుకున్నాడు.

2025 జూలైలో ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో పూర్తి యానిమేషన్. మన దేశంలో యానిమేషన్ సినిమాకు అంత జనం వస్తారని ఎవరూ అనుకోలేదు. థియేటర్లో చెప్పులు విప్పి కూర్చున్నవాళ్ళను నేను చూశాను. మా అహోబిలం కథకు టాకీలో మొదటి పీట దక్కింది, యానిమేషన్లోనూ పెద్దపీట దక్కింది. నాకు గర్వంగానే ఉంది. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ స్తంభం పగిలే దృశ్యానికి చప్పట్లు కొట్టిన పిల్లలకు పదేళ్ళ తర్వాత ఏం గుర్తుంటుందంటే ఆ పసివాడి గొంతే. బొమ్మలోని వెంట్రుకలూ మెరుపులూ ఏటేటా పాతబడతాయి, పైఏడు ఇంకొకరు ఇంకా మెరిపిస్తారు. గీతల ఎమిలీకి పాతబడటానికి మెరుపేమీ లేదు.

రిటైరయ్యే ముందు ఒక ఏడాది నేను ‘వరల్డ్ ఆఫ్ టుమారో’ను మా పిల్లలకు గోడ మీద వేసి చూపించాను. వాళ్ళకు ఇంగ్లీషు సినిమా మాటలు అందవు. నేను పక్కన నిలబడి తెలుగులో చెబుతూ వచ్చాను. క్లోను మాటలు గంభీరంగా, ఎమిలీ మాటలు నా చిన్నప్పటి ఆళ్ళగడ్డ యాసలో. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, నేను బొమ్మలాట తెరచాటున నిలబడి రెండు గొంతులు పలుకుతున్నానని. పిల్లలు ఎమిలీ నోరు తెరిచిన ప్రతిసారీ నవ్వారు. చివరికి ఒక అబ్బాయి లేచి, “సార్, ఆ పెద్దామెకు అంత కష్టమొచ్చింటే ఈ పాప ఎందుకు సార్ నవ్వుతుండేది?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. మా జేజి మాట ఒకటి చెప్పాను.

ఇప్పుడు నిమ్మలకుంటలో తోలుబొమ్మ పని బతికే ఉంది. ధర్మవరం దగ్గరి ఆ ఊరివాడైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో పండుగ చేసుకున్నాం. తోలు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పని ఎక్కువగా దీపాల గొడుగులకు, గోడ అలంకారాలకు మళ్ళింది. నెమళ్ళు, పూలు, వినాయకుడు. కుటుంబాలు నిలబడ్డాయి కాబట్టి నేను దాన్ని తప్పు పట్టను. నా బాధంతా గొంతు గురించి. దీపం గొడుగు మీదికి గొంతు ఎక్కదు. హైదరాబాదులో యానిమేషన్ నేర్పే బడులు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలను కంప్యూటరు ముందు కూర్చోబెట్టే ముందు కొన్నాళ్ళు నిమ్మలకుంటకు పంపితే, బొమ్మ కంటే ముందు గొంతు వెతుక్కోవడం నేర్చుకుంటారు. చెయ్యి తిప్పడం తర్వాత ఎవరైనా నేర్పగలరు.

నా దగ్గరికి ఇప్పటికీ ఆదివారాలు బొమ్మలు గీసుకోవడానికి కొందరు పిల్లలు వస్తారు. వాళ్ళకు ఒకటే షరతు పెట్టాను. ముందు ఇంట్లో ఎవరి మాటలైనా, వాళ్ళు పనిలో ఉండగా ఫోన్లో రికార్డు చేసుకుని రావాలి. దాన్ని నాలుగైదుసార్లు విని, ఆ తర్వాతే పెన్సిలు పట్టాలి. ఒక పాప తన అవ్వ సంతలో మిరపకాయలు బేరమాడింది పట్టుకొచ్చింది. దానికి గీతల బొమ్మలు వేసి ఫోన్లోనే కదిలించింది. కథ ఇది: అహోబిలం కొండ మీద ఒక అంతరిక్ష నౌక దిగుతుంది. మూడు కళ్ళవాడు బయటికి వచ్చి, ఈ భూమిని మాకు అప్పగించండి, లేకపోతే భస్మం చేస్తాం అంటాడు. ఆ గొంతు పాప తమ్ముడిది. ఎదురుగా తట్ట పెట్టుకుని కూర్చున్న అవ్వ, “యాభైకి ఇస్తే ఇయ్యి, లేకుంటే పో. నీ మాదిరి వాళ్ళు సంతంతా ఉండారు,” అంటుంది. మూడు కళ్ళవాడు మళ్ళీ బెదిరిస్తాడు. అవ్వ తగ్గదు. అట్లా మూడుసార్లు సాగి, వాడు నౌక ఎక్కి వెళ్ళిపోతాడు. పిల్లలంతా మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశారు.

పాప దాన్ని ఇంటికి తీసుకుపోయి అవ్వకు చూపించిందట. అవ్వ మూడు కళ్ళవాణ్ణి పట్టించుకోనేలేదు. “యాభై ఏందే, ఆ పొద్దు నలభై అయిదుకే తెచ్చినా. సరిగా పెట్టు,” అందట. పాప ఆ మాట కూడా రికార్డు చేసుకుని పై ఆదివారం నా దగ్గరికి తెచ్చింది, దానికి ఏం బొమ్మ వేయాలి సార్ అని అడుగుతూ.